చూడవలసింది మంచి ఏడాది మూటలు కాదు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వాన కూడా అదనులో పడదు. విత్తిన తర్వాత వారాల తరబడి చుక్క రాలకపోవడం, కాయ పీకే వేళకు ముసురు పట్టడం ఇక్కడి రైతుకు కొత్త కాదు. అయినా వేరుశనగ విత్తనం ఎంచుకునేటప్పుడు రైతు గాని, అధికారి గాని మొదట అడిగేది ఎకరాకు ఎన్ని మూటలు అనే. వాన ముఖం చాటేసిన ఏడాది ఎన్ని మూటలు అని అడిగేవారు తక్కువ.

వేరుశనగ పైన పూసి, భూమిలో కాస్తుంది. విత్తిన 25, 30 రోజులకు పూత మొదలవుతుంది. ఊడలు నేలలోకి దిగాలి. ఎర్రనేల ఎండి గట్టిపడితే ఊడ దిగదు. దిగినా గింజ ఊరేటప్పుడు పదును లేకపోతే మిగిలేది తాలు కాయలే. కనుక బెట్టను తట్టుకోవడమంటే చెట్టు పచ్చగా నిలవడం మాత్రమే కాదు, వాన రాగానే తేరుకుని కాయ నింపడం.

తిండివనం నుంచి 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 రకం దశాబ్దాల పాటు ఈ చేలను ఏలింది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి 1978లో కదిరి-3, 2005లో కదిరి-6, 2020లో కదిరి లేపాక్షి వచ్చాయి. కొత్త రకాలు వచ్చినా పాతదాన్నే పట్టుకు వేలాడటం రైతు మొండితనమని కొందరు అంటారు. ఇది న్యాయం కాదు. చిక్కంతా విత్తనం దగ్గర ఉంది.

ఎకరా విత్తడానికి దాదాపు 60 కిలోల గింజలు కావాలి. బెట్ట ఏడాది ఎకరాకు 3 క్వింటాళ్ల కాయలే వస్తే, ఒలిచిన గింజలు రెండు క్వింటాళ్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అవి మూడెకరాలకే చాలతాయి. అప్పు తీర్చడానికి అవి కూడా అమ్ముకుంటే మరుసటి ఏడాది ఏ రకం దొరికితే అదే గతి. రైతు దాచుకున్న గింజ మళ్లీ అదే రకంగా మొలుస్తుంది గనుక ఈ విత్తనంలో ప్రైవేటు కంపెనీలకు లాభం తక్కువ. అందువల్ల బాధ్యత ప్రభుత్వానిదే.

రకాల ప్రదర్శన బోరు కింద కాక, ప్రతి మండలంలోనూ వర్షాధార చేలలో జరగాలి. వాన పడిన తేదీలు, కాయల తూకం, ఒలిస్తే వచ్చే గింజ, పశువుల కట్టె ఎంతో ఊరిలో బోర్డు మీద రాయాలి. బోర్లున్న రైతుల చేత రబీలో విత్తన పంట వేయించి, ఖరీఫ్ అదనుకు ముందే గ్రామాలకు చేర్చాలి. మార్కెట్‌లో రకం పేరు చెప్పి ధర తెగ్గోస్తే అధికారులు అడ్డుకోవాలి.

రైతులు కూడా చేనంతా ఒకేసారి కొత్త రకానికి అప్పగించరాదు. ముందు ఎకరాలో వేసి, పాత రకం పక్కనే చూసుకోవాలి. నీరు లేకుండా కాసే రకం ఏదీ లేదు. అందుకే ఒక్క ఏడాది కాదు, అయిదేళ్ల రాబడి కలిపి లెక్క వేయాలి. వాన బాగున్న ఏడాది ఏ రకమైనా కాస్తుంది. వాన లేని ఏడాది తిండిగింజకు, విత్తనానికి రైతును పరాయి గడప తొక్కనీయనిదే ఈ నేలకు తగిన రకం.