ఎండ వేరు, వేడిమి వేరు

ఎండను మనము చెమటతో కొలుచుచున్నాము. ఒడలు కాలిననాడు ఎండ గొప్పదనియు, చల్లగాలి వీచిననాడు ఎండ లేదనియు తలంచుట మన వాడుక. ఈ కొలత తప్పని మా యభిప్రాయము. చర్మమును, కన్నును చెరచునది సూర్యకాంతి యందలి అతినీలలోహిత కిరణము. అది కంటికి కానరాదు, ఒంటికి వేడిగా తోచదు. 1801వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు రిట్టరు, ఊదారంగున కావల నేమియు కనబడని చోట వెండి లవణము పూసిన కాగితము త్వరగా నల్లబడుట చూచి దాని యునికిని గ్రహించెను.

పూతలపట్టు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 13 డిగ్రీల మీద నున్నది. కావున సూర్యుడు ఏటికి రెండు మారులు మన నడినెత్తికి వచ్చును: ఏప్రిలు చివరి వారమున నొకమారు, ఆగష్టు నడుమ మరియొకమారు. మొదటిది అందరెరిగినదే. రెండవదానిని లెక్కింపము, ఏలయన నప్పటికి మబ్బులును, నైరుతి గాలియు నుండును. పలుచని మబ్బు వేడిమిని తగ్గించునేగాని యీ కిరణములను చాలవరకు పోనిచ్చును. ఆ దినములలోనే వేరుసెనగ చేలలో స్త్రీలు కలుపు తీయుదురు. ఆగష్టు 15వ తేది పండుగకై పిల్లలచేత బయలున కవాతు చేయించుటయు నప్పుడే. వేడిమి రెండు మూడు గంటలకు హెచ్చు; ఈ కిరణములు మన గడియారమున పండ్రెండుంబావు ప్రాంతముననే హెచ్చు. ఎండ యింకను ముదరలేదని పిల్లలను నిలువబెట్టుట సరిగా నా వేళనే!

నల్లని మేనివారికి భయము లేదందురు. ఇది సగము నిజము. మన చర్మమందలి మెలనిను అను రంగుపదార్థము కమలుటను, చర్మపు కేన్సరును కొంత తప్పించును. కంటిలోని కటకమున కట్టి కవచము లేదు. ఏండ్ల తరబడి సోకిన యీ కిరణములు శుక్లమునకు నొక కారణము. తెల్లగ్రుడ్డునుండి నల్లగ్రుడ్డు మీదికి ప్రాకు కండపొరకును ఇవియే ముఖ్య హేతువులు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వరకు ఆంధ్రదేశమున జరిపిన పరీక్షలో, ఆరుబయట పాటుపడువారియందు ఈ పొర హెచ్చుగా కనబడినది.

ఎండను శత్రువనుట మా యుద్దేశము కాదు. ఎముకలకు వలయు డి విటమినును చర్మము సిద్ధపరచుకొనునది యెండలోనే. వలసినది వేళ యెరుగుట. నీడ మన పొడవుకంటె పొట్టిదైనప్పుడు చెట్టు క్రిందికి పోవలయును. గొడుగు పట్టిన బాలుని తోటివారు నవ్వుదురట! నవ్వనిండు. అంగడిలోని నల్లద్దములను రంగు చూచి కొనరాదు. కిరణములను 400 నానోమీటర్లవరకు ఆపని నల్లద్దము మాటున కనుపాప విప్పారి, కిరణములకు దారి మరింత వెడల్పగును.

కవాతును తొమ్మిది గంటలలోపల ముగించుట పాఠశాల చేతిలోని పని. దానికి పైసా ఖర్చు లేదు. కలుపు తీయు తల్లికి వేళ నెన్నుకొను స్వేచ్ఛ లేదు. ఆమె తలగుడ్డ నడినెత్తిని కాచునుగాని కన్నులపై నీడ వేయదు. వెడల్పంచు గల తాటాకు టోపీని అల్లుట మన చేతిపని తరగతులలో నేర్పవచ్చును. ఈ యేడు అల్లిన మొదటి టోపీలు ఆ చేలకే పోవలయునని మా కోరిక.