పోయినవారు చెప్పరు కదా!

పాముకాటుకు మంత్రంతో బతికామనేవారు మన ఆస్పరి పల్లెల్లోనూ ఉంటారు. నెల్లూరు వైపు పోలిరెడ్డిపాలెం స్టేషన్ మాస్టరు నరసయ్యగారికి తంతి కొడితే విషం దిగేదని పెద్దలు చెప్పుకునేవారు. వీరంతా అబద్ధమాడారని నేననను. కరిచే పాముల్లో చాలావాటికి విషముండదు. నాగుపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కాటేస్తుంది. అలా బతికినవారు ఊరంతా చెబుతారు. పోయినవారు వచ్చి చెప్పరు కదా! నమ్మినదానికి సరిపడే సంగతులే మనసు దాచుకుంటుందని మనస్తత్వ శాస్త్రం అంటుంది. అందుకే పరిశోధకులు మంత్రం వేయించుకున్నా పోయినవారిని, వేయించుకోకుండానే బతికినవారిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. బుడ్డల చేలో పాము కరిస్తే తాడు బిగించకండి, గాటు పెట్టకండి. కరిచిన కాలు కదలనివ్వకుండా 108లో ఆసుపత్రికి తీసుకురండి. విషం ఎక్కిన లక్షణాలుంటే విరుగుడు ఇంజెక్షను ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.