పొగను పడితే చాలదు, మడ్డికీ లెక్క చెప్పాలి

మేడ్చల్‌లో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ సాల్వెంట్ రికవరీ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. కాలమ్ పైనుంచి తేటగా సాల్వెంట్ వచ్చేది, అడుగున నల్లటి మడ్డి మిగిలేది. సాల్వెంట్ ఎన్ని లీటర్లు వచ్చిందో షిఫ్టు షిఫ్టుకూ లాగ్ బుక్కులో రాసేవాళ్లం. మడ్డిని డ్రమ్ముల్లో నింపి షెడ్డు వెనక పెట్టేవాళ్లం. దానికి పుస్తకం లేదు. ఒక వానాకాలం ఆ డ్రమ్ములు తుప్పుపట్టి కారాయి. పక్క రైతు బోరు నీళ్లు వాసన పట్టాయి. ఆ వాసన మరిచిపోలేకే ఇది రాస్తున్నాను.

అలాంటి మడ్డి మరో దారిలో మళ్లీ రావచ్చు. మా దగ్గరి శామీర్‌పేటకు సహజవాయువు వచ్చింది. జీనోమ్ వ్యాలీలోనో, మేడ్చల్ పారిశ్రామికవాడలోనో రేపు కరెంటుకీ ఆవిరికీ చిన్న గ్యాస్ టర్బైన్లు పెడితే, వాటి పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టాలనే మాట కూడా వస్తుంది. రావాలి కూడా. పని తెలియనిదేమీ కాదు. చల్లార్చిన పొగను టవరులో కిందినుంచి పంపి, పైనుంచి అమీన్ ద్రావణం జల్లుతారు. 40 డిగ్రీల దగ్గర అది కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది, 120 డిగ్రీలకు వేడిచేస్తే వదిలేస్తుంది. కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లో మిత్సుబిషి వారి పద్ధతిలో ఇలాంటి ప్లాంటు పెట్టారు. సహజవాయువు మండించే రిఫార్మర్ పొగ నుంచి రోజుకు 450 టన్నులు పట్టి యూరియా తయారీకి వాడేలా కట్టారు.

టర్బైన్ పొగ అంత అనుకూలం కాదు. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 శాతానికి అటూఇటూగా ఉంటే, ఇందులో 3, 4 శాతమే. ఆక్సిజన్ మాత్రం 13 నుంచి 15 శాతం. ఆ ఆక్సిజనే అమీన్‌ను ఆమ్లాలుగా, అమ్మోనియాగా విరగ్గొడుతుంది. నా లెక్కలో ఒక మెగావాట్ టర్బైన్ రోజంతా నడిస్తే 18 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్నంతా పట్టాలంటే పొగ నుంచి తీసుకోగల వేడిలో దాదాపు సగం అమీన్‌ను వేడిచేసే రీబాయిలర్‌కే పోతుంది. టన్నుకు కిలోన్నర అమీన్ పోయిందనుకున్నా, 300 రోజుల్లో 8 టన్నులు. దాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, మిగతాది మడ్డి అవుతుంది.

పెద్ద ప్లాంటులో మడ్డిని చూసుకోవడానికి ఒక విభాగమే ఉంటుంది. చిన్న ఫ్యాక్టరీలో ఆ పని షిఫ్టు ఆపరేటర్ మీద పడుతుంది. నేను ఆ ఆపరేటర్నే.

అందుకే కాలుష్య నియంత్రణ మండలికి నా విన్నపం. ఇలాంటి ప్లాంటుకు అనుమతి ఇచ్చేనాడే మూడు లెక్కలు చెబుతూ ఉండాలని షరతు పెట్టండి: ఎంత అమీన్ కొన్నారు, ఎంత పోయింది, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఎన్ని డ్రమ్ములు పంపారు. పట్టిన టన్నుల పక్కనే మడ్డి కిలోలు కూడా ఫ్యాక్టరీ గేటు బోర్డు మీద తెలుగులో రాయించండి. మడ్డి కారితే పాడయ్యే నీళ్లు తాగేది ఊరివాళ్లు. ఆ బోర్డు చదివే హక్కు వాళ్లది.