గుళికను చూచి ఉమ్మెత్తను నమ్మరాదు



ఉమ్మెత్త నెరుగని వారు మనలో లేరు. చేని గట్లపైన, పెంటదిబ్బల మీద, పాడుపడిన పెరళ్ళలో ఎవరును నాటకయే మొలచును. వినాయక చవితి పత్రిలో దీని ఆకును, శివపూజలో దీని పూవును వాడుట మన ఆచారము. ప్రకృతి సేద్యము చేయువారు దశపర్ణి కషాయములోను, బ్రహ్మాస్త్రములోను దీని ఆకును కలుపుచున్నారు. ఉమ్మెత్తలలో ఒక జాతి నుండియే స్ట్రామోనియం అను హోమియో మందు తయారగుచున్నది. "మందుగా ఇచ్చెడి మొక్కయే కదా, కొంచెము పుచ్చుకొన్న నేమి?" అను తలంపునకు ఇచ్చటనే సందు దొరకును. ఆ తలంపు ప్రాణాంతకమని నా దృఢాభిప్రాయము.

ఉమ్మెత్తలో వేరు మొదలు గింజ వరకు విషము లేని భాగము లేదు. గింజలు మరింత ప్రమాదకరమైనవి. అట్రోపిన్, హయోసయమిన్, స్కోపలమిన్ అనునవి ఇందలి విషములు. తిన్నవారికి నోరెండిపోవును, కంటిపాపలు పెద్దవగును, ఒళ్ళు కాలును, గుండె వేగముగా కొట్టుకొనును, మూత్రము బిగియును. పిదప మతి తప్పి, లేనివి ఉన్నట్లు చూచుచు పలవరింతురు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

మరి ఇదే మొక్కతో చేసిన గుళికలు తిన్నవారికి ఏమియు కాదేమి? సమాధానము తయారీలోనే ఉన్నది. 18వ శతాబ్ది చివర జర్మనీ వైద్యుడు హానిమన్ ప్రారంభించిన ఈ పద్ధతిలో మొక్క సారమును ఒక పాలు తీసికొని 99 పాళ్ళ సారాయితోనో నీటితోనో కలిపి కుదుపుదురు. దానిలో ఒక పాలు తీసి మరల 99 పాళ్ళలో కలుపుదురు. ఇట్లు 6 మార్లు చేసిన యెడల, రెండున్నర ఎకరముల చెరువులో 5 మీటర్ల లోతున నిలిచిన నీటిలో ఒక్క చుక్క కలిపినట్లగును. 12 మార్లు దాటిన పిదప మూలపదార్థపు అణువు ఒక్కటైనను మిగులుట అరుదు. అంగడిలో తరచుగా దొరకు 30 పొటెన్సీలో ఉమ్మెత్త పేరే గాని ఉమ్మెత్త లేదు. కావున గుళిక హాని చేయకుండుట ఉమ్మెత్త మంచిదనుటకు సాక్ష్యము కానేరదు.

అయితే హోమియో పేరున్న ప్రతి మందును నిరపాయమని తలచుటయు తగదు. పలుచన చేయని మాతృద్రావకములో మొక్క సారము నిజముగానే ఉండును. ఉమ్మెత్తకు దాయాదియైన బెల్లడోనాతో చేసిన హోమియో మాత్రలు అమెరికాలో పసిపిల్లలకు పండ్లు వచ్చు సమయమున వాడుచుండిరి. వాటిని వాడవద్దని 2016లో అచ్చటి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. కొన్ని మాత్రలలో బెల్లడోనా చీటీపై వ్రాసిన దానికంటె చాల హెచ్చుగా ఉన్నట్లు 2017లో పరీక్షల వలన తేలినది.

హోమియో వైద్యుడు ఓపికతో వినును, మందు చౌక. అందుచే ప్రజల కాదరము కలిగినది. గుడివాడ, రాజమండ్రిలలో ప్రభుత్వ హోమియో కళాశాలలున్నవి. ఆ ఆదరమును నేను పరిహసించుట లేదు. కాని 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధనా మండలి అనేక పరిశోధనలను పరిశీలించి, హోమియో వలన నయమగునని నమ్మదగిన రుజువు ఏ వ్యాధికిని లేదని తేల్చినది. పాము కరచినప్పుడును, తీవ్రమైన జ్వరమందును, విషము తిన్నప్పుడును గుళికలతో కాలము గడపుట ప్రాణముతో చెలగాటమాడుటయే.

ఈ విషయము సేద్యమునకు సంబంధించినది కాదందురా? 2019లో ఉగాండాలో సహాయముగా పంచిన పోషకాహారపు పిండి తిని వందలాది జనులు జబ్బుపడిరి. ఐదుగురు మరణించిరి. ఉమ్మెత్త విషములు ఆ పిండిలో కలిసియుండుటయే కారణము. ఏదో చేనిలో ఎవరో పీకక వదలిన కలుపు అంతపని చేసినది. ఉమ్మెత్త గింజలు మిరప గింజలను పోలియుండునని కూడ మరువకుడు.

కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు. చేనిలోని ఉమ్మెత్తను కాయ పట్టకముందే పీకివేయవలెను. కళ్ళములోనికి దాని కాయ రానీయరాదు. కషాయమునకు ఆకు కోసినప్పుడు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వంటపాత్రలలో కషాయము కాచరాదు, పిల్లలకు అందు చోట ఉంచరాదు. ఎవరైనను ఉమ్మెత్త తిన్నచో నాటుమందులు, గుళికలు వేయక వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. తిన్న మొక్క ముక్కను కూడ వెంట తీసికొనిపోవలెను.

కషాయముల తయారీని గ్రామములలో నేర్పువారు ఆకుల పేర్లతోపాటు వాటిలో విషమైనది ఏదో కూడ చెప్పవలెను. మందులమ్మువారు సీసాపై అది మాతృద్రావకమో, పలుచన చేసినదో తెలుగులో వ్రాయవలెను. ఇవి ఖర్చు లేని పనులు. వీటిని అడుగు హక్కు మీకున్నది. అడుగుడు.