ఓడినవారికే ముందు పీట

ఆటలో గెలిచినవారికి కప్పు ఇవ్వడం లోకమంతటా ఉన్నదే. ఓడినవారికి కూడా ఒక బహుమానం దాచి ఉంచే ఆట ఒకటుంది. అమెరికా, కెనడా దేశాలవారు ఆడే ఐస్ హాకీ అది. మన హాకీకి దూరపు చుట్టమనుకోండి. గచ్చులాగా గడ్డకట్టించిన మంచుమీద, అడుగున ఉక్కుబద్ద బిగించిన బూట్లతో జారుతూ, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ళను కర్రలతో కొడతారు.

అక్కడి నేషనల్ హాకీ లీగులో జట్లన్నీ ఏటేటా పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ ఏడు అడుగున పడిన జట్లకు ముందు వంతులు. మొట్టమొదటి రెండు వంతులకు మాత్రం లాటరీ తీస్తారు. అందులోనూ బాగా ఓడినవారికే అవకాశం ఎక్కువ. “అయితే హాయిగా ఓడుతూ కూర్చుంటే సరి గదా!” అంటారేమో. అలా కూర్చున్నవారి సంగతీ వస్తుంది. ముందు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ కథ వినండి.

పిట్స్‌బర్గ్ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. 1991లోనూ 1992లోనూ స్టాన్లీ కప్పు గెలిచిన ఆ ఊరి జట్టు, చేతికి మించిన ఖర్చులు పెట్టి 1998లో దివాలా తీసింది. మేరియో లెమ్యూ అనే మహా ఆటగాడికి జట్టు బాకీపడ్డ జీతమే మూడు కోట్ల డాలర్లకు పైబడింది. అది వసూలయ్యే దారి కనబడక, ఆయన చాలా భాగం వాటా కింద మార్చుకుని 1999లో జట్టుకే యజమాని అయ్యాడు. రావలసిన జీతం కింద ఆఫీసునే జమ కట్టుకున్న ఉద్యోగిని నేనింకొకణ్ణి ఎరగను!

యజమాని మారినా పెట్టెలో డబ్బు లేదు. 2001లో జరొమీర్ యాగర్ అంతటివాణ్ణి వాషింగ్టన్ జట్టుకు వదులుకున్నారు. 2003-04లో 82 ఆటలకు 23 గెలిచి, లీగు మొత్తానికి అట్టడుగున నిలిచారు. అక్కడినుంచే కుర్రవాళ్ళు చేరడం మొదలు. 2003లో గోల్‌కీపరు ఫ్లూరీ, 2004లో రష్యావాడు మాల్కిన్. ఆ వెనక జీతాల తగాదాతో ఒక సీజను మొత్తం రద్దయింది. 2005లో 30 జట్లకూ కలిపి లాటరీ తీస్తే సిడ్నీ క్రాస్బీ వీరి పాలబడ్డాడు. అతడు వచ్చిన మొదటి ఏడు గెలిచినవి 22 ఆటలే, మునుపటికంటే ఒకటి తక్కువ!

నన్ను ఆకట్టుకున్నది ఆ తరువాతి సంగతి. క్రాస్బీని లెమ్యూ తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. పిల్లలతోపాటు అతడూ ఒకడై కొన్నేళ్ళు అక్కడే మసిలాడు. 2006లో ఇంగ్లీషు రాకుండా దిగిన మాల్కిన్‌కు, అదే జట్టులోని పెద్దవాడైన రష్యన్ ఆటగాడు గొంచార్ తన ఇంట చోటిచ్చాడు. పరభాషా ప్రాంతంలో కాపురాలు పెట్టుకున్న మనకు, కొత్తగా వచ్చిన కుర్రవాడికి మన మాట మాట్లాడే ఇంట ఒక పూట భోజనం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. 2006-07లో జట్టు 47 ఆటలు గెలిచింది. పందొమ్మిదేళ్ళకే క్రాస్బీ కెప్టెను.

ఇక ఎడ్మంటన్ ఆయిలర్స్. 2010, 2011, 2012 మూడేళ్ళూ వరుసగా మొదటి వంతు వారిదే! అయినా 2006-07 మొదలు పది సీజన్లు వారు ప్లే ఆఫ్ గుమ్మం తొక్కలేదు. కోచ్‌లు మాత్రం ఇట్టే మారిపోయారు. కొత్త గుమాస్తాకు కుర్చీ చూపించి, ఎదుట ఫైళ్ళ కట్ట పడవేసి, పని నేర్పేలోగా పైఅధికారిని బదిలీ చేసే ఆఫీసులు మనకు తెలియనివా?

పిట్స్‌బర్గ్ 2008లో ఫైనలు దాకా వెళ్ళి డెట్రాయిట్ చేతిలో ఓడింది. మరుసటి ఏడు మళ్ళీ డెట్రాయిట్‌తోనే ఫైనలు. 2009 జూన్ 12న, డెట్రాయిట్‌లోనే, ఏడవ ఆట. రెండవ భాగంలో క్రాస్బీ మోకాలికి దెబ్బ తగిలింది. ఆ తరువాత అతడు ఇంచుమించు బెంచీమీదే. ఆట 2-1తో పిట్స్‌బర్గ్ గెలిచింది. ఆఖరి క్షణంలో వచ్చిన కొట్టును ఫ్లూరీ అడ్డంగా ఒళ్ళు పారవేసి ఆపాడు. రెండు గోళ్ళూ చేసినవాడు మాక్స్ టాల్బట్. 2002లో అతణ్ణి ఎంచుకున్నది 234వ వంతున. ఆ పేరు చదివేసరికి హాలులో ఎందరు మిగిలి ఉన్నారో!