చిన్న పరిశ్రమ, గోడల్లేని నెట్‌వర్క్

ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఎయిమ్స్‌పై 2022 నవంబరు 23న సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయి. సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తెరవడానికి వీల్లేని సంకేతాలుగా మారిపోయింది. దేశంలోనే అగ్రశ్రేణి ఆసుపత్రిలో రోజుల తరబడి రోగుల నమోదు కాగితాల మీద సాగింది. దీనికి కారణాన్ని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఒక్క మాటలో తెలిపింది: నెట్‌వర్క్‌ను సరైన రీతిలో విభాగాలుగా విడదీయకపోవడం. తలుపు లేని చోట గోడ కట్టడం గురించి ఎవరూ ఆలోచించలేదన్నమాట.

ఎయిమ్స్ వంటి సంస్థకే ఈ పరిస్థితి ఎదురైనప్పుడు బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్ల సంగతి ఊహించవచ్చు. అక్కడ నెట్‌వర్క్‌ను ఎవరూ నిర్మించరు. అది దానంతటదే పెరుగుతుంది. మొదట ఒక కంప్యూటరు, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఒక రౌటరు. తర్వాత ట్యాలీ కోసం మరో కంప్యూటరు, గేటు వద్ద సీసీ కెమెరాలు, హాజరుకు వేలిముద్రల యంత్రం, వచ్చేపోయేవారికి వైఫై. పన్నెండు మంది సిబ్బంది నలభై మంది అయ్యేసరికి పాత రౌటరుకే ఒక స్విచ్చి, దానికి ఇంకొక స్విచ్చి తగిలించి ఉంటాయి. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డు మాత్రం మారదు. అకౌంటెంటు ఇంటి నుంచి లెక్కలు చూసుకోవడానికి తెరిచిన రిమోట్ డెస్క్‌టాప్ దారి, ఆయన ఉద్యోగం మానేసిన తర్వాత కూడా తెరిచే ఉంటుంది.

ఇటువంటి చోట అతిథి ఫోన్, కెమెరా రికార్డరు, లెక్కల కంప్యూటరు అన్నీ ఒకే గదిలో ఉన్నట్లే. ఒకదానిలోకి చొరబడినవాడు మిగిలినవాటినీ తట్టి చూడగలడు. నష్టం కూడా ఫైళ్లతో ఆగదు. వార్షిక టర్నోవరు రూ.5 కోట్లు దాటిన వ్యాపారాలు 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపార సంస్థలకు ఇచ్చే బిల్లులను ఈ-ఇన్‌వాయిస్‌గా నమోదు చేయాల్సి ఉంది. బిల్లింగ్ కంప్యూటరు నిలిచిపోతే బిల్లు రాదు, ఈ-వే బిల్లు తయారు కాదు, సరుకు ఎక్కించిన లారీ గేటు దాటదు. వారం రోజుల ఆగుడును తట్టుకోగల నగదు నిల్వ చిన్న పరిశ్రమకు సాధారణంగా ఉండదు.

భద్రత అనగానే యజమానులు ఏదో ఒక వస్తువు కొనాలని భావిస్తారు. అమ్మేవారు కూడా ఫైర్‌వాల్ పెట్టె ధరతోనే సంభాషణ మొదలుపెడతారు. నిజానికి తొలి పని కొనుగోలు కాదు, లెక్క. సంస్థలో నెట్‌వర్క్‌కు తగిలి ఉన్న పరికరాలు ఎన్ని, ఒక్కొక్కటి ఎవరి చేతిలో ఉంది, దేనితో మాట్లాడాల్సిన అవసరం ఉంది అన్నది ఒక కాగితంపై రాసుకోవాలి. ఆ కాగితాన్ని చూస్తే విభజన తేలిపోతుంది: లెక్కలు, బిల్లింగ్ ఒక వైపు, కెమెరాలు, హాజరు యంత్రాలు మరో వైపు, అతిథుల వైఫై పూర్తిగా వేరు. వీల్యాన్ సదుపాయం ఉన్న స్విచ్చితో, తీగలు మార్చకుండానే ఈ గోడలు కట్టవచ్చు. సంస్థ రెండో షెడ్డుకు విస్తరించే ముందే ఈ పని చేస్తే ఖర్చు స్వల్పం. విస్తరించాక చేస్తే పని ఆపి చేయాలి. బ్యాకప్ విషయంలోనూ ఇదే పొరపాటు కనిపిస్తుంది. అదే కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్ బ్యాకప్ కాదు, దాడి చేసేవారికి దొరికే రెండో ప్రతి. ఒక ప్రతి నెట్‌వర్క్‌కు అందని చోట ఉండాలి. దానిని అప్పుడప్పుడు వెనక్కి తెచ్చి తెరిచి చూడాలి.

2024 జులై 31 నాటి ఘటన ఇందుకు మరో కోణం. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై రాన్సమ్‌వేర్ ప్రభావం పడిందన్న సమాచారంతో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆ సంస్థను రిటైల్ చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేసింది. సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. మరుసటి రోజు సేవలు పునరుద్ధరించారు. ఇబ్బంది కలిగిన మాట నిజమే. అయితే తెంచగలిగిన చోట తెంచారు కనుకనే మిగతా వ్యవస్థ నడిచింది. పెద్ద కంపెనీలకు విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ అందించే చిన్న సంస్థలు ఇదే గొలుసులో ఉన్నాయి. వాటి అజాగ్రత్త వాటితోనే పోదు.

చట్టం ఈ వాస్తవాన్ని గుర్తించింది. సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలపాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, పరికరాల గడియారాలను అధికారిక సమయంతో సరిచేయాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. చిన్న పరిశ్రమలకు ఇచ్చిన గడువు ఆ ఏడాది సెప్టెంబరు 25తో ముగిసింది. ఇంటి అవసరాలకు తయారైన రౌటరులో లాగ్‌లు సాధారణంగా కరెంటు పోగానే చెరిగిపోతాయి. కెమెరా రికార్డరు గడియారం ఎన్నేళ్లు వెనుక ఉందో ఎవరూ చూడరు. అటువంటి చోట 6 గంటల్లో చెప్పడానికి ఏముంటుంది? ఏం జరిగిందో యజమానికే తెలియదు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం సహేతుకమైన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. తప్పు తీవ్రతను బట్టి జరిమానా నిర్ణయిస్తారు కనుక చిన్న సంస్థపై గరిష్ఠ మొత్తం పడుతుందన్న భయం అక్కరలేదు. తనకు సంబంధం లేదన్న ధీమా మాత్రం చెల్లదు.

లోపం ఆదేశాల్లో కన్నా వాటిని ఆచరణలో పెట్టే చేతుల్లో ఉంది. చిన్న పరిశ్రమల కోసం సెర్ట్-ఇన్ 2025 సెప్టెంబరులో 15 ప్రాథమిక రక్షణ నియమాలను విడుదల చేసింది. అవి స్పష్టంగా ఉన్నాయి. కానీ యూనిట్‌లో వాటిని చదివి అమలు చేసేది ఎవరు? చాలాచోట్ల ఆ బాధ్యత ప్రింటరు బాగుచేయడానికి వచ్చే హార్డ్‌వేర్ కుర్రవాడిది. నాణ్యత ధ్రువీకరణకు, జీరో డిఫెక్ట్ జీరో ఎఫెక్ట్ పథకం కింద, సూక్ష్మ పరిశ్రమలకు కేంద్రం 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ ఇస్తోంది. నెట్‌వర్క్ తనిఖీకి కూడా అదే తరహా తోడ్పాటు అవసరం. పారిశ్రామికవాడల సంఘాలు ఇరవై, ముప్పై యూనిట్లకు కలిపి ఒక నిపుణుడిని నియమించుకోవడానికి ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలను అవి ఇప్పటికే నడుపుతున్నాయి.