ఒక వాద్యము – పలు నాదములు

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెతను మన పెద్దలు ఊరక పుట్టించలేదు. తన చేతగానితనమును పనిముట్టుపైకి నెట్టుట మనుష్యునకు మిక్కిలి సులభమైన పని. వ్రాత వంకరపోయినచో కలము చెడ్డదందుము. చేను పండనిచో నాగలి చెడ్డదందుము. పాట పలుకనిచో వాద్యము చెడ్డదందుము. సంగీతము నేర్చువారిలో ఈ అలవాటు ఎంతగా వేరూనినదో సాక్సఫోను నభ్యసించు వారిని చూచినచో చక్కగా తెలియును. కొన్ని మాసములు సాధన చేసిన విద్యార్థి, మెత్తని నాదము పలుకుటలేదని ఒక మౌత్‌పీసును, పదునైన నాదము పలుకుటలేదని మరియొక మౌత్‌పీసును కోరుచుండును. వాద్యమొకటి, మౌత్‌పీసొకటి చాలుననియు, వానినుండియే పలు విధములైన నాదములను రాబట్టుట నేర్చుటయే అసలైన విద్య యనియు నా అభిప్రాయము. దీనికి గల కారణములను ఈ వ్యాసమున వివరించెదను.

ముందుగా ఈ వాద్యమెట్టిదో తెలిసికొందము. బెల్జియము దేశమునందలి దినాన్ అను పట్టణమున 1814వ సంవత్సరమున జన్మించిన అడాల్ఫ్ సాక్స్ దీనిని కల్పించెను. 1846లో పారిసు నగరమున దీనికి పేటెంటు హక్కు పొందెను. ఆయన పేరే వాద్యమునకు పేరైనది. దీని గొట్టము ఇత్తడితో చేయబడినది. నోటికడ సన్నముగా మొదలై, క్రమముగా వెడల్పై, చివర పువ్వువలె విచ్చుకొనును. ఇత్తడిదైనను దీనిని బాకాలతో జేర్చక క్లారినెట్టు మొదలగు వానితో జేర్చుదురు. ఏలనన, ఇందు ధ్వని పెదవుల అదురువలన పుట్టదు. రీడు అదురువలన పుట్టును. మౌత్‌పీసు అడుగున అమర్చిన పలుచని బద్దయే రీడు. గడ్డిజాతికి చెందిన ఒక ఎత్తైన మొక్క కాడనుండి దానిని చెక్కుదురు. ఊదువాని శ్వాసచే రీడు కంపించును. ఆ కంపనము గొట్టములోని గాలిని కదల్చును. అది నాదమై వెలువడును.

అట్లయినచో నాదమునంతటిని రీడు, మౌత్‌పీసు, గొట్టము అను మూడే నిర్ణయించునా? అట్లు తలచుటయే పొరపాటు. ఈ మూటికి వెనుక నాలుగవది యొకటి కలదు. అది ఊదువాని దేహము. పై పలువరుస మౌత్‌పీసుపై ఆనును. క్రింది పెదవి క్రింది పలువరుసపైకి మడిగి రీడునకు మెత్తవలె నుండును. దాని వెనుక నాలుక, అంగిలి, గొంతు, ఊపిరితిత్తులు ఉన్నవి. వీనిలో దేని తీరు మారినను నాదపు వన్నె మారును. విద్యార్థులారా! ఒకే శ్రుతిలో ఆ, ఈ, ఊ అని పలికి చూడుడు. శ్రుతి మారలేదు, కంఠము మారలేదు, అయినను మూడు అచ్చులును మూడు విధములుగా వినవచ్చినవి. నోటిలోని చోటు ఆకృతి మారుటయే దీనికి కారణము. వాద్యమున ఈ భేదము మాటలోవలె అంత స్ఫుటముగా నుండదు. అయినను నాలుకను ఈకారము పలుకునప్పటివలె ఎత్తి ఊదిన నాదమును, ఓకారము పలుకునప్పటివలె దించి ఊదిన నాదమును ఒక్కతీరుగా నుండవు.

ఇట్టి ఉపాయములు మరికొన్ని కలవు. క్రింది దవడను కొంచెము వదలి, పెదవి బిగువు తగ్గించి, క్రింది స్వరములను మెల్లగా ఊదినచో నాదముతోపాటు శ్వాసయు వినవచ్చును. చెవిలో రహస్యము చెప్పినట్లుండును. అదే స్వరమును నిండు శ్వాసతో బలముగా ఊదినచో అందలి అతిస్వరములు హెచ్చి నాదము తళుక్కున మెరయును. ఊదుచునే గొంతులో కూనిరాగము తీసినచో రెండు ధ్వనులు పెనవేసికొని గుర్రుమను నాదము పుట్టును. దవడను సన్నగా ఆడించినచో స్వరము నీటి అలవలె ఊగును. వీనిలో దేనికిని కాసు ఖర్చు లేదు. కావలసినవి ఓపిక, శ్రద్ధ, మంచి చెవి. తాను కోరు నాదమును ముందుగా మనస్సున వినలేనివాడు దానిని వాద్యమున పలికింపజాలడు.

సాధనలలో ఒకదానిని ప్రత్యేకముగా పేర్కొనవలెను. అన్ని మీటలను మూసి అన్నిటికంటె క్రింది స్వరమును పలికించి, వ్రేళ్లను కదల్పకయే దాని పై షడ్జమమును, దానిపైని పంచమమును, మరల ఆపైని షడ్జమమును పలికించుటయే ఆ సాధన. వ్రేళ్లు కదలనప్పుడు స్వరమును మార్చునది గొంతు, నాలుక, శ్వాసలే గదా! జర్మనీలో జన్మించిన సిగుర్డ్ రాషర్ (1907–2001) అను విద్వాంసుడు ఈ అభ్యాసమునకు మిక్కిలి ప్రాధాన్యమిచ్చెను. సాధారణముగా రెండున్నర స్థాయిలు పలుకు సాక్సఫోనుపై ఆయన నాలుగు స్థాయిల వరకు పలికించి శ్రోతలను ఆశ్చర్యపరచెను. రష్యా దేశపు సంగీతకర్త గ్లాజునోవ్ 1934లో సాక్సఫోను కొరకు రచించిన కచేరీకృతి ఆయన నిమిత్తమై పుట్టినదే.

ఇది విద్వాంసుల నమ్మకము మాత్రమే కాదు. 2008వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు సాక్సఫోను ఊదుచున్నవారి నోటిలోని అనునాదమును కొలిచి తమ ఫలితములను ప్రకటించిరి. మిక్కిలి హెచ్చు స్థాయిలోని స్వరములను పలుకునప్పుడు అనుభవజ్ఞులు తమ గొంతు, నోటి ఆకృతిని ఆ స్వరమునకు తగినట్లు శ్రుతి చేసికొనుచున్నారని వారు కనుగొనిరి. అనుభవము చాలనివారు అట్లు చేయలేకపోయిరి. ఆ స్వరములను పలికింపలేకయు పోయిరి. సాధారణ స్థాయిలోని స్వరములకు ఇంతటి పొందిక అక్కరలేదనియు ఆ పరిశోధనలో తేలినది. అయినను కంటికి కనబడని గొంతుకూడ వాద్యములో ఒక భాగమే యని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక చరిత్రలోనికి పోయి చూతము. అమెరికా దేశపు జాజ్ విద్వాంసుడు బెన్ వెబ్‌స్టర్ 1938 మొదలు 1973లో మరణించు వరకు ఒకే టెనర్ సాక్సఫోనును వాయించెను. వేగముగల పాటలలో ఆయన వాద్యము పులివలె గాండ్రించెడిది. విలంబగతిలో సాగు పాటలలో నిట్టూర్పువలె మృదువుగా తేలిపోయెడిది. ఆ రెండు నాదములును ఒక్కని వాద్యమునుండియే వచ్చినవి. చార్లీ పార్కర్ అను మరియొక విద్వాంసుని కథ దీనికి ప్రక్కన నిలుపదగినది. 1953 మే 15వ తేదీన కెనడాలోని టొరంటో నగరమున జరిగిన కచేరీలో ఆయన ప్లాస్టిక్కుతో చేసిన సాక్సఫోనును వాయించెను. ఆ కచేరీ ధ్వనిముద్రణము నేటికిని లభించుచున్నది. దానిని విన్నవారు ప్లాస్టిక్కును వినరు, పార్కరును విందురు. ఒకే వాద్యమున పలు నాదములు పలికినవాడొకడు. మారిన వాద్యమునను తన నాదమునే నిలుపుకొన్నవాడొకడు. ఇద్దరును చెప్పునది ఒక్కటే: నాదమునకు మూలము మనుష్యుడు.

మన దేశమునందును దీనికి తార్కాణము కలదు. కర్ణాటక రాష్ట్రమున 1949లో జన్మించిన కద్రి గోపాలనాథ్ నాదస్వర విద్వాంసుని కుమారుడు. మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సఫోనును విని ఆయన దానిపై మనసు పడెను. పాశ్చాత్య స్వరములకై చేయబడిన ఆ వాద్యమున గమకము పలుకుట ఎట్లని అనేకులు శంకించిరి. ఆయన వాద్యమునకు కొన్ని సవరణలు చేసికొన్నమాట నిజమే. కాని స్వరమునుండి స్వరమునకు జారు ఆ నడక పెదవినుండియు, శ్వాసనుండియు, ఏండ్ల తరబడి చేసిన సాధననుండియు వచ్చినదే. త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు ఆయన వాద్యమున పాడినట్లే పలికినవి. 1994లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలున ఆయన కచేరీ చేసెను. 2004లో పద్మశ్రీ బిరుదు నందుకొనెను. 2019లో పరమపదించెను.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. “మౌత్‌పీసు భేదము భేదమే కాదా?” అని కొందరు అడుగుదురు. కాకపోదు. లోపలి చోటు విశాలమైనచో నాదము గుండ్రముగా, గంభీరముగా నుండును. ఇరుకై, లోకప్పు ఎత్తుగా నున్నచో పదునుగా నుండును. రాషర్ సైతము మౌత్‌పీసు లోపలి ఆకృతి విషయమున మిక్కిలి పట్టుదల గలవాడు. పగిలిన మౌత్‌పీసుతోను, చివర చిట్లిన రీడుతోను కుస్తీ పట్టుమని నేను చెప్పను. గాలి కారు మీటలను బాగుచేయించుకొనవలసినదే. నేను చెప్పునది వేరు. పనికివచ్చు మౌత్‌పీసు ఒకటి లభించిన పిమ్మట, అది ఎన్ని నాదములను ఇయ్యగలదో తెలిసికొనకముందే మరియొకదానికై పరుగెత్తుట తగదు. మౌత్‌పీసు నాదమునకు హద్దు గీయును. ఆ హద్దులోని చేనును దున్నవలసినవాడు వాయించువాడే. పావువంతు దున్నకమునుపే ప్రక్క చేనును కొనువానిని మంచి సేద్యగాడందుమా?

దీనివలన వచ్చు చెరుపు ధననష్టము మాత్రమే కాదు. క్రొత్త మౌత్‌పీసు వచ్చిన దినమున నాదము క్రొత్తగా తోచును. నాలుగు దినములు గడచిన పిమ్మట పెదవి, నాలుక తమ పాత అలవాటునకే మరలును. పాత నాదమే తిరిగి వచ్చును. అప్పుడు విద్యార్థి మరియొకదానిని కోరును. ఇట్లు అంగడికి పోయిన కాలము సాధనకు దక్కదు. అంతకంటె పెద్ద చెరుపు మరియొకటి కలదు. సొమ్ముగలవాని పెట్టెలో నాలుగు మౌత్‌పీసులను చూచి, ఒక్కటే గల పేద విద్యార్థి “ఈ విద్య నాకు దక్కదు” అని వాద్యమును మూలబెట్టుట. వానికి ఆ మాట అబద్ధమని చెప్పవలసిన భారము గురువులది. గురువులు వ్రేళ్ల వేగమునకు ముందే నాదమును నేర్పవలెను. ఒక్క స్వరమును పట్టుకొని, దానినే మెత్తగా, గట్టిగా, చీకటిగా, వెలుగుగా పలికింపుమని ప్రతిదినమును కొంతసేపు సాధన చేయించవలెను.

ఈ మాట సాక్సఫోనునకు మాత్రమే చెల్లునది కాదు. ఒక కలముతో పలు తీరులుగా వ్రాయవచ్చును. ఒక కుంచెతో పలు రేఖలు గీయవచ్చును. ఒక కంఠముతో కోపమును, దయను, హాస్యమును పలుకవచ్చును. చేతనున్న దానిని పూర్తిగా ఎరిగినవానికే తనకు నిజముగా లేనిది ఏదో తెలియును. అట్టివాడు క్రొత్త సాధనమును కోరినను అది కోరదగిన కోరికయే యగును. అంతవరకు మద్దెలను నిందింపక ఆట నేర్చుకొనుటయే విద్యార్థులకు ఉచితము.